పాత వ్యాను... కొత్త చలువ!

పొదిలి ఎండల్లో యాత్రల వ్యానుకు ఏసీ సోకు కాదు. అది పనిచేస్తేనే ముసలీముతకా ఊరు చేరతారు. ఎప్పుడో బిగించిన ఆ ఏసీకి మళ్లీ ప్రాణం పోయాలంటే గ్యాసు ఎక్కించడం ఒక్కటే చాలదు.

వేసవిలో ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని పడమరకు వెళ్తుంటే, ఎంత దూరం వచ్చామో చొక్కానే చెబుతుంది. ఒంగోలులో వీపుకు అతుక్కుపోయిన చొక్కా, చీమకుర్తి గ్రానైట్ గుట్టలు దాటేసరికి సగం ఆరుతుంది. పొదిలి చేరేసరికి పూర్తిగా ఆరిపోయి, చెమట ఉప్పు తెల్లటి చారలుగా మిగులుతుంది. దూరం 50 కిలోమీటర్లే. కానీ అక్కడ సముద్రపు గాలి పెత్తనం, ఇక్కడ పొడి గాలి పెత్తనం. అక్కడ ఉక్కపోత, ఇక్కడ వడగాలి. మే నెలలో పాదరసం 44, 45 డిగ్రీల దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం పూట పొదిలి సెంటర్లో కుక్క కూడా కనిపించదు.

వడగాలి అంటే ఈ ప్రాంతానికి వార్త కాదు, భయం. 2015 మే నెలాఖరులో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి వడదెబ్బకు 2 వేల మందికి పైగా చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ మంది ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆ రోజుల్ని చూసినవాళ్లెవరూ ఎండాకాలంలో డెబ్బై ఏళ్ల అమ్మమ్మను ఏసీ లేని వ్యాను ఎక్కించి తిరుపతి తీసుకెళ్దామనరు.

అయినా ప్రయాణాలు ఆగవు కదా!

చక్రాల మీద సంసారం

పొదిలి నాలుగు వైపులా దారులున్న ఊరు. తూర్పున ఒంగోలు, ఉత్తరాన దర్శి, దక్షిణాన కనిగిరి, పడమరన మార్కాపురం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ల మాటలో నెల్లూరు యాస తొంగిచూస్తుంది. పొగాకు వేలం కేంద్రం ఉన్న ఊరు కాబట్టి పంట డబ్బు చేతికొచ్చే కాలమూ, మొక్కులు తీర్చుకునే కాలమూ దాదాపు ఒకటే. త్రిపురాంతకం, భైరవకోన దగ్గర. శ్రీశైలం ఒక పూట ప్రయాణం. తిరుమల ఒక రాత్రి. కార్తీకం వచ్చిందంటే శబరిమల. ఇక జీవితంలో ఒక్కసారైనా కాశీ!

వీటికి కావాల్సింది వ్యాను. విదేశాల్లో దీన్ని క్యాంపర్ వ్యాన్ అంటారు. అందులోనే మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి. మన దగ్గర ఆ పేరు లేదుగానీ ఆ పని ఏనాటి నుంచో ఉంది. కాశీకి బయల్దేరే వ్యాను వెనక తలుపు తీసి చూడండి. గ్యాసు స్టవ్వు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, చింతపండు, నీళ్ల క్యాన్లు, పైన టాప్ మీద పరుపుల మూటలు. ఎక్కడ చెట్టు నీడ, నీళ్ల పంపు కనిపిస్తే అక్కడే వంట. సత్రంలో చోటు దొరక్కపోతే వ్యానులోనే నిద్ర. చక్రాల మీద సంసారమంటే ఇదే.

ఒకప్పుడు ఈ పనికి బజాజ్ టెంపో మెటడార్ ఉండేది. 1987లో అదే కంపెనీ టెంపో ట్రావెలర్‌ను తెచ్చింది. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారినా, జనం నోట మాత్రం అన్నీ 'టెంపో'లే. వ్యాను ఇల్లయిపోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదని చెప్పాలంటే ఒక్క ఉదాహరణ చాలు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించి 'చైతన్య రథం' చేసుకున్నారు. కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టుకుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా దాంట్లోనే, స్నానం రోడ్డు పక్కన. ఆ వ్యాను రాష్ట్ర రాజకీయాన్నే మార్చేసింది. పొదిలి వ్యానులది అంత పెద్ద కథ కాదులెండి. మొక్కులు తీర్చుకుని క్షేమంగా ఇంటికొస్తే చాలు.

చిక్కెక్కడంటే, ఈ వ్యానుల్లో చాలావాటి వయసు పది, పదిహేనేళ్లు. ఇంజిన్ బాగానే లాగుతుంది. బాడీ గట్టిగానే ఉంటుంది. ముందు నీరసించిపోయేది ఏసీ. మొదట్లో వెనక సీటు దాకా చల్లగా కొట్టిన గాలి, తర్వాత మధ్య సీట్లకే పరిమితమవుతుంది. ఆ తర్వాత గాలి వస్తుందిగానీ చల్లదనం రాదు. ఇక మొదలవుతుంది 'గ్యాసు పట్టించే' వార్షికోత్సవం. ప్రతి ఏప్రిల్‌లో ఒకసారి, మళ్లీ మేలో ఇంకోసారి!

గ్యాసు తినే బండి ఉండదు

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పెట్రోలు ఖర్చయినట్టు ఏసీలో గ్యాసు ఖర్చు కాదు. అది మూసిన దారిలో తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. ముందు భాగంలో ఉండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలికి వదిలేస్తుంది. చల్లారి ద్రవమైన ఆ వాయువు సన్నటి వాల్వులోంచి దూరి లోపలి కూలింగ్ కాయిల్‌లో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. విచ్చుకుంటూ వ్యానులోని వేడిని పీల్చుకుంటుంది. మళ్లీ కంప్రెసర్ దగ్గరికి. అంతే కథ. ఏటేటా గ్యాసు తగ్గుతోందంటే బండి తినడం లేదు, ఎక్కడో కారుతోంది. కారేచోటు పట్టుకోకుండా మళ్లీ మళ్లీ నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

పాత బండ్లలో ఇంకో చిక్కుంది. 1990ల నాటి వాహనాల్లో ఆర్-12 అనే వాయువు ఉండేది. ఓజోన్ పొరకు చిల్లుపెట్టే సీఎఫ్‌సీల కుటుంబం దానిది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2008 ఆగస్టు 1 నుంచి వాటి ఉత్పత్తి ఆపేసింది, ఉబ్బసం పంపుల్లాంటి మందుల అవసరాలకు తప్ప. దాని స్థానంలో వచ్చిందే ఆర్-134ఏ. ఓజోన్‌కు హాని లేదుగానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా చురుకైనది. కాబట్టి దీన్నీ గాల్లోకి వదిలేయకూడదు. పాత వాయువు తీసేసి కొత్తది నింపితే సరిపోతుందా అంటే, పోదు. ఆర్-12తో తిరిగే కంప్రెసర్‌లో ఖనిజ నూనె ఉంటుంది. అది ఆర్-134ఏలో కలవదు. నూనె కలవకపోతే కంప్రెసర్‌కు తడి అందదు, కొన్నాళ్లకు పట్టేస్తుంది. అందుకే నూనె మార్చాలి. రబ్బరు సీళ్లు మార్చాలి. తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాలి. పైగా కొత్త వాయువు ఎక్కువ ఒత్తిడి మీద నడుస్తుంది కాబట్టి పాత కండెన్సర్ దానికి చిన్నదైపోతుంది. ప్యారలల్ ఫ్లో రకం కండెన్సర్ వేస్తే అదే జాగాలో ఎక్కువ వేడిని బయటికి పంపుతుంది. పాత వ్యానుకు చేయించే మార్పుల్లో ఖర్చుకు తగ్గ ఫలితం ముందుగా ఇచ్చేది ఇదే.

మరో సంగతి. గ్యాసు నింపేముందు వ్యాక్యూమ్ పంపు పెట్టి, కనీసం అరగంటైనా లోపలి గాలినీ తేమనూ లాగేయాలి. తొందరలో ఉన్న యజమాని, రద్దీలో ఉన్న మెకానిక్ కలిస్తే మొదట ఎగిరిపోయేది ఆ అరగంటే. మిగిలిన తేమ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా... ఏసీకి మలేరియా వచ్చినట్టుంటుంది. ఇక చవకగా వస్తుందని వంట గ్యాసు రకం వాయువును ఏసీలో నింపే ప్రబుద్ధులూ ఉన్నారు. చల్లదనం ఇస్తుంది, నిజమే. కానీ లోపలి కాయిల్ దగ్గర కారిందంటే, పక్కనే స్టవ్వు వెలిగించే యాత్రల వ్యానులో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పొదిలి వైపు తిరిగే బండ్లకు దుమ్ము కూడా శత్రువే. గ్రానైట్ లారీల వెనక, మట్టి దారుల్లో, పత్తి బండ్ల పక్కన తిరిగే వ్యాను కండెన్సర్ రెక్కల మధ్య ఏముందో ఒకసారి టార్చి వేసి చూడాలి. దుమ్ము, పీచు, మిడతల రెక్కలు కలిసి కంబళి కప్పినట్టుంటుంది. వేడి బయటికి పోయే దారే మూసుకుపోయాక గ్యాసును తిట్టి ఏం లాభం? మెల్లగా నీళ్లు కొట్టి కడిగితేనే సగం రోగం కుదిరే బండ్లున్నాయి. నీళ్లంటే గుర్తొచ్చింది. పశ్చిమ ప్రకాశంలో బోరు నీళ్లు ఎంత గట్టివో ఇక్కడి బిందెల అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తే లోపల సున్నం పేరుకుపోతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది. ఆ వేడి కండెన్సర్ వెనకే కాచుకుని ఉంటుంది కాబట్టి ఏసీ కూడా కూలబడుతుంది. రేడియేటర్‌కు కూలెంట్ పోయించడం కూడా ఏసీ వైద్యంలో భాగమే.

బ్యారన్‌ను తిరగేస్తే...

ఏసీ పెద్దది బిగించాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా అని ఆలోచించేముందు ఒక చిన్న లెక్క చూడండి. వ్యాను పైకప్పు సుమారు 5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు. అంటే 9 చదరపు మీటర్లు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఒక్కో చదరపు మీటరు మీద పడే ఎండ దాదాపు ఒక కిలోవాట్. మొత్తం 9 కిలోవాట్లు! ఇంట్లో వాడే ఒక టన్ను ఏసీ లాగిపారేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే రెండు ఇళ్ల ఏసీలు కలిసినా మోయలేనంత ఎండ ఒక్క పైకప్పు మీదే పడుతోంది. అదంతా లోపలికి రాదనుకోండి. ఎంత వస్తుందన్నది రంగు మీదా, రేకు కింద ఏముందన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. దీనికితోడు కిటికీ అద్దాలు. ఆపైన మనుషులు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి 100 వాట్ల బల్బంత వేడి వస్తుంది. పదముగ్గురు కూర్చుంటే 1.3 కిలోవాట్లు!

పొదిలి రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. వర్జీనియా పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఆయనకు తెలుసు. పొయ్యి మంటతో లోపలి వేడిని మెల్లమెల్లగా 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. గోడకు ఒక్క పగులున్నా వేడి జారిపోతుంది, కట్టెలు దండగ, ఆకు పాడు. అందుకే సీజన్‌కు ముందే పగుళ్లన్నీ పూడుస్తారు, తలుపు సందులు మూస్తారు. వ్యానంటే తిరగేసిన బ్యారన్. అక్కడ లోపలి వేడి బయటికి పోకూడదు, ఇక్కడ బయటి వేడి లోపలికి రాకూడదు. సూత్రం ఒక్కటే. కానీ బ్యారన్‌కు చూపే శ్రద్ధలో పావు వంతు కూడా వ్యానుకు చూపరు. తలుపు బీడింగ్ చిరిగి ఉంటుంది. గేర్ రాడ్డు చుట్టూ తోలు తొడుగు ఊడి ఉంటుంది. అడుగున రేకు తుప్పు పట్టి ఉంటుంది. అన్నిట్లోంచీ వడగాలి లోపలికే!

అందుకని వరుస ఇదీ. ముందు సందులు మూయించాలి. తర్వాత పైకప్పు లోపలి లైనింగ్ విప్పించి, రేకుకు అంటుకునేలా నిప్పు తొందరగా అంటుకోని రకం నురుగు షీటు వేయించాలి. పైకప్పుకు తెల్ల రంగు కొట్టించాలి. సొగసు కోసం నలుపు, ముదురు నీలం వేయించుకున్నవాళ్లు ఆ సొగసుకు డీజిల్‌తో వడ్డీ కడుతున్నారు. వ్యాను ఆపినప్పుడు అద్దాలకు బయటివైపు నుంచి తెరలు కట్టాలి. లోపలి పరదా కంటే బయటి తెర మేలు, ఎండ అద్దం దాటక ముందే ఆగిపోతుంది కాబట్టి. నల్ల ఫిల్ములు అతికించేస్తే పోలా అంటారా? 2012లో సుప్రీంకోర్టు వాటిని కాదంది. ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాల్సిందేనన్నది నిబంధన. ఇవన్నీ అయ్యాక అప్పుడు కండెన్సర్, బ్లోయర్, పైపులు. చాలా వ్యానుల్లో ఈ వరుస తలకిందులుగా జరుగుతుంది. ముందే పెద్ద కంప్రెసర్ బిగిస్తారు. అది ఇంజిన్ బలాన్ని పీల్చేస్తుంది, మైలేజీ పడిపోతుంది, వెనక సీటుకు మాత్రం అదే ఉక్క. పైన మరో ఏసీ యూనిట్ బిగించడం, బాడీ కోయడం లాంటి పెద్ద మార్పులైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర తంటా, ప్రమాదం జరిగితే బీమా దగ్గర తంటా.

వట్టివేరు తడక

ఏసీ లేని రోజుల్లో పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు? గుమ్మానికి వట్టివేరు తడక కట్టి నీళ్లు చల్లేవాళ్లు. వడగాలి ఆ తడిలోంచి దూరి చల్లబడి, కమ్మటి వాసనతో లోపలికొచ్చేది. కూలర్ సూత్రమూ అదే. అమెరికాలో 1940, 50ల్లో ఎడారి దారుల్లో వెళ్లే కార్లకు కిటికీ బయట గొట్టంలాంటి డబ్బా ఒకటి వేలాడేది. లోపల తడి మెత్త. బండి వేగానికి గాలి అందులోంచి దూసుకొచ్చి చల్లబడేది. అదీ వట్టివేరు తడకకు దాయాదే. అసలు ఏసీ ఉన్న కార్లను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1939లోనే చూపించింది. దాని కథ వింటే నవ్వొస్తుంది. కంప్రెసర్‌కు క్లచ్ ఉండేది కాదు. ఏసీ అక్కర్లేదనుకుంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి!

పొదిలి లాంటి పొడి ఊరికి తడి మెత్త ఇప్పటికీ పనికొస్తుంది. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉందనుకోండి. మంచి కూలర్ ఆ గాలిని 28, 29 డిగ్రీల దాకా దించగలదు. ఖర్చయ్యేది కాసిని నీళ్లు, ఒక ఫ్యాను కరెంటు. అదే కూలర్‌ను ఒంగోలు తీసుకెళ్లండి. అక్కడ 36 డిగ్రీలే ఉండొచ్చు, తేమ మాత్రం 60 శాతం. కూలర్ కష్టపడి 31కి దించుతుంది. కానీ ఆ గాలి తడి గుడ్డలా ఒంటికి చుట్టుకుంటుంది. చెమట ఆరదు. అంటే పొదిలి నుంచి మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్లే వ్యానుకు పనికొచ్చే సాధనం, పొదిలి నుంచి ఒంగోలు మీదుగా తిరుపతి వెళ్లే వ్యానుకు పనికిరాదు. ఒకే ఊరి నుంచి బయల్దేరిన రెండు వ్యానులకు రెండు వైద్యాలు. క్యాంపర్ వ్యాను కూలర్ల గురించి ఎక్కడో చదివి కొనేసేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ధర కాదు. బండి తూర్పుకు వెళ్తుందా, పడమరకా?

దోర్నాల దగ్గర రాత్రి

పడమర దారిలో ఏసీకి అసలు పరీక్ష ఘాట్ రోడ్డు. దోర్నాల దాటి నల్లమల ఎక్కేటప్పుడు పాత వ్యాను డ్రైవరు చేయి తనంతట తానే ఏసీ స్విచ్ మీదికి పోతుంది. ఆపకపోతే ఇంజిన్ టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఆపితే వెనక నుంచి 'నాయనా, కాస్త ఏసీ వెయ్యవూ' అన్న మూలుగు. ఏ బండికైనా కంప్రెసర్ తిప్పే బలం ఇంజిన్ ఇవ్వాల్సిందే. నిండు సంసారంతో మలుపుల్లో ఎక్కే బండికి ఆ బలం అక్కరకొచ్చేది చక్రాల దగ్గర. కాబట్టి ఎక్కేంతసేపు ఏసీ ఆపి కిటికీలు తీయడమే మంచిది. చెట్ల నీడా, కొండ గాలీ ఎలాగూ తోడుంటాయి.

పులుల అభయారణ్యం కాబట్టి రాత్రివేళ అటవీ చెక్‌పోస్టు మూసేస్తారు. ఆలస్యంగా వచ్చిన బండ్లు తెల్లవారేదాకా ఇవతలే ఆగాలి. ఇక అక్కడ ప్రతి వ్యానూ క్యాంపర్ వ్యానే! పిల్లలు సీట్ల మధ్య, పెద్దలు సీట్ల మీద, మగవాళ్లు కింద పట్టా మీద. దోమలు. ఉక్క. అప్పుడొస్తుంది ఒక ఆలోచన: ఇంజిన్ ఆన్ చేసి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని పడుకుంటే...

ఆ ఆలోచన ప్రాణం తీయగలదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగిన ఒక కారవాన్‌లో ఇద్దరు విగతజీవులై కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, అడుగున ఉన్న రంధ్రంలోంచి లోపలికి చేరిందని కోజికోడ్ ఎన్ఐటీ నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది. కాస్త తలనొప్పి, మగత... ప్రయాణ బడలిక అనుకుని పడుకున్న మనిషి మళ్లీ లేవడు. జనరేటరైనా, నిలబెట్టి తిప్పుతున్న ఇంజినైనా ఒక్కటే. సైలెన్సర్ తుప్పు పట్టిన, అడుగు రేకు చిల్లుపడిన పాత వ్యానులో ప్రమాదం రెట్టింపు. బ్యారన్ పగుళ్లు పూడ్చినట్టు వ్యాను అడుగు చిల్లులు పూడ్చాలనడానికి వేడి ఒక్కటే కారణం కాదు. బండిలో నిద్రపోయే అలవాటున్నవాళ్లు ముందు కొనాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి కూతపెట్టే చిన్న అలారం. ఏసీ దాని తర్వాతే.

మరి ఇంజిన్ లేకుండా రాత్రంతా చల్లదనం రాదా? వస్తుంది, లెక్క కుదిరితే. బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల ఏసీలు వచ్చాయి. చిన్నది తీసుకున్నా గంటకు 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే 600 వాట్లు. ఎనిమిది గంటల రాత్రిలో కంప్రెసర్ సగం సేపే తిరిగిందనుకున్నా రెండున్నర యూనిట్ల కరెంటు కావాలి. మామూలు లెడ్ బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి వంద ఆంపియర్‌వి నాలుగు మోసుకెళ్లాలి. బరువు క్వింటాల్ దాటుతుంది! లిథియం రకమైతే 200 ఆంపియర్‌ది ఒకటి సరిపోతుంది, బరువు పాతిక కిలోలే. ధర మాత్రం గుండె జారేలా ఉంటుంది. ఏసీతో కలిపి లక్ష దాటినా ఆశ్చర్యపోవద్దు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు పెట్టించినా, మంచి ఎండ ఉన్న రోజు అవి చేసేది రెండు యూనిట్లు. ఇంతా చేసి ఆ ఏసీ ఇచ్చే చల్లదనం అరటన్నుకు లోపే. నలుగురు పడుకునే వ్యానుకు, అదీ లైనింగ్ బాగుంటే చాలుతుంది. పదముగ్గురి ఒంటి వేడికే దానికి ఆయాసం వస్తుంది.

అందుకని యాత్రల వ్యాను యజమాని రాత్రి కోసం లక్ష పెట్టాల్సిన పనిలేదు. కిటికీలకు దోమతెర, 12 వోల్టుల ఫ్యాన్లు నాలుగు, వాటి కోసం విడిగా ఒక బ్యాటరీ. నాలుగు ఫ్యాన్లు రాత్రంతా తిరిగినా ముప్పావు యూనిట్ దాటదు. నల్లమల అంచున రాత్రి గాలి పొడిగా ఉన్న రోజుల్లో కిటికీకి ఒక తడి గుడ్డ కడితే వట్టివేరు తడక పని సగం అయిపోతుంది. సంసారంతో తీరిగ్గా తిరిగే సొంత క్యాంపర్ అయితే బ్యాటరీ ఏసీ గురించి ఆలోచించొచ్చు. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం తెచ్చాక అలా సొంతంగా వ్యాను కట్టించుకోవాలన్న సరదా మనవాళ్లకూ అంటుకుంది.

మిరపకాయకున్న భాగ్యం

ఈ కథలో ఎవరికీ పట్టని మనిషి ఒకరున్నారు. వ్యానులో అందరి చల్లదనం గురించి మాట్లాడుకుంటాం. ఏసీ గొట్టాలన్నీ ప్రయాణికుల నెత్తిన ఉంటాయి. పాత మెటడార్లలో, తొలినాటి ట్రావెలర్లలో ఇంజిన్ సగం ముందు సీట్ల మధ్యకే చొచ్చుకొచ్చి ఉంటుంది. పైన మూత ఒక్కటే అడ్డు. డ్రైవరు ఎడమ మోకాలికి ఇంజిన్ సెగ, ముఖానికి అద్దంలోంచి ఎండ. వెనక పదముగ్గురు శాలువాలు కప్పుకుంటే ముందు ఒకరు తువాలు తడుపుకుని మెడకు చుట్టుకుంటారు. వాళ్లందరి ప్రాణాలూ ఉన్నది ఆ ఒక్కరి రెప్పల మీద. ఎండకు ఒంట్లో నీళ్లింకి, రాత్రి నిద్రలేక, మర్నాడు మధ్యాహ్నం ఆ రెప్పలు ఎంతసేపు నిలబడతాయి?

లారీ డ్రైవర్లదీ ఇదే కథ. గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి మిరప టిక్కీలు నింపుకున్న లారీ గుంటూరు చేరుతుంది. రంగూ ఘాటూ చెడకుండా మిరపకాయలను నెలల తరబడి దాచే శీతల గిడ్డంగులు అక్కడ ఉన్నాయి. కాయ చల్లటి గదిలోకి వెళ్తుంది. దాన్ని తెచ్చిన మనిషి తన వంతు కోసం లారీ కిందే గోనె పరుచుకుని పడుకుంటాడు, ఆ ఊళ్లో అంతకంటే చల్లటి చోటు ఆయనకు లేదు కాబట్టి. 2023 డిసెంబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. మూడున్నర టన్నులు దాటిన సరకు వాహనాలకు 2025 నుంచి తయారీలోనే ఏసీ క్యాబిన్ ఉండాలన్నది దాని సారాంశం. మంచి మాట. అయితే అది కొత్త బండ్లకు. అంతకుముందు తయారై ఇంకా రోడ్ల మీద తిరిగే పాత లారీలకూ, పాత వ్యానులకూ ఆ నిబంధన లేదు. వాటికి యజమాని మనసే నిబంధన.

ఆ మనసుంటే వ్యానులో చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇంజిన్ మూత లోపలివైపు వేడిని ఆపే షీటు అతికించడం, మూత అంచుల రబ్బరు మార్చడం, ఏసీ గొట్టం నుంచి ఒక పాయ చీల్చి డ్రైవరు ఛాతీ మీదికి గాలి వచ్చేలా పెట్టడం. షెడ్డులో ఒక పూట పని. మాఘ మాసంలో, శివరాత్రి రద్దీ ఇంకా మొదలవ్వకముందు మెకానిక్‌లు కాస్త ఖాళీగా ఉంటారు. ఏప్రిల్‌లో వెళ్తే లైనే. పైగా ఆ అరగంట వ్యాక్యూమ్‌కు అప్పుడు ఎవరికీ తీరిక ఉండదు.